ఎల్సీ పేరు మీద నేనన్న మాట

ఇన్నేళ్ళూ దీన్ని లోపల పెట్టుకునే తిరిగాను. డ్యూటీలకి వెళ్ళాను, పెళ్ళిళ్ళకి వెళ్ళాను, చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి వేరే ఏవేవో చెప్పి కూర్చున్నాను. ఇది మాత్రం గొంతు దాటలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. మొహం తెలిసినవాళ్ళ దగ్గర చెప్పే ధైర్యం నాకు లేదు.

నేను ఎవర్నీ చంపలేదు. ఒక ముసలాయన ఒక మాట అడిగాడు. లేదన్నాను. అంతే. ఆ 'అంతే' అన్నదే నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను సౌదీలో, యాన్బు అనే ఊళ్ళో నర్సుని. మాది గోదావరి జిల్లాలో కాలవ పక్క ఊరు. మా క్లినిక్ వాళ్ళు నన్ను ఒక కాంపౌండ్‌లోని విల్లాకి డ్యూటీ వేశారు. ఇంగ్లీషువాళ్ళ ఇల్లు. ఆయన రిఫైనరీలో ఇంజనీరు. ఆయన భార్యని మేడమ్ అనేదాన్ని. నేను చూసుకోవాల్సింది ఆవిడ తండ్రిని. ఎనభై దాటిన మనిషి, చూపు మసక, మతి అంతకన్నా మసక. ఇంగ్లండులో చూసే దిక్కు లేక కూతురు వెంట తెచ్చుకుంది. మా వాళ్ళ దగ్గర ఆయన్ని దొరగారు అనేదాన్ని. ఎగతాళికే అన్నాను మొదట్లో. తర్వాత అదే అలవాటైపోయింది.

నిజంగా దొరలే వాళ్ళు. ఎప్పుడో ఏదో యుద్ధంలో రాజుగారికి గుర్రాలిచ్చి బిరుదు తెచ్చుకున్న వంశం. లండన్‌లో ఒక ఇల్లు, కొండల్లో వేటకి ఒక ఇల్లు, పల్లెటూళ్ళో అసలైన పెద్దిల్లు. పక్క దొర మీద పంతానికి ముత్తాతగారు ఆ పెద్దింటికి ఇంకో వరస కిటికీలు పెట్టించాడట. వెలుతురు కోసం కాదండీ, పంతానికి! దొరగారి చిన్నప్పుడు ఇల్లు ఒక పక్క కాలిపోయింది. తర్వాత వరసగా చావులు. మనిషి పోయినప్పుడల్లా ఆస్తి మీద సర్కారుకి పన్ను. లండన్ ఇల్లు అమ్మేశారు, వేట ఇల్లు హోటలైంది, పెద్దింటిని పడగొట్టి రాళ్ళు కూడా అమ్ముకున్నారు. ఇదంతా మేడమ్ చెప్పిందే. మధ్యాహ్నాలు పాత ఫోటోలు బల్ల మీద పరుచుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని వంశచరిత్ర రాసుకుంటూ ఉండేది.

దొరగారికి మాత్రం ఆ ఇల్లు పడిపోలేదు. నేను చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిపిస్తుంటే, "మెట్టుంది, చూసుకో" అని కాలెత్తి వేసేవారు. నున్నటి టైల్స్ నేల మీద మెట్టెక్కడిది? నేనూ కాలెత్తేదాన్ని. సాయంత్రం నమాజుకి మసీదులోంచి అసర్ అజాన్ వినపడితే టీకి పిలుస్తున్నారని లేచేవారు. గుర్రాలకి దాణా పెట్టారా అంటే పెట్టారనేదాన్ని. నన్ను ఎల్సీ అనేవారు. ఎల్సీ అంటే చిన్నప్పుడు ఆయన్ని ఎత్తుకుని పెంచిన పనిపిల్ల. నా తెల్ల యూనిఫామ్ చూసి అలా అనుకున్నారేమో. పనివాళ్ళు చిన్నదొరల్ని మాస్టర్ అని పిలుస్తారట. నేనూ మాస్టర్ అన్నాను.

ఇందులో నా తెలివేం లేదు. ఇలాంటివాళ్ళని ఎలా చూడాలో మా సీనియర్ కుమారక్క నేర్పింది.

"ఆళ్ళు నిన్ను ఎవరనుకుంటే నువ్వు ఆ మడిసివే అమ్మాయ్. కాదన్నావంటే బెదిరిపోతారు. అవునని తలూపెయ్, నీ సొమ్మేం పోద్ది?"

తలూపాను. నెలల తరబడి ఊపాను. ఎంత బాగా ఊపానంటే, ఆ లేని ఇంట్లో దుప్పట్ల గది ఎక్కడో, తోటలోకి తలుపు ఎటువైపో నాకే తెలిసిపోయింది. రూముకొచ్చాక కూడా ఎల్సీ నన్ను వదిలేది కాదు. ఏం తినేదో, ఎక్కడ పడుకునేదో అనుకునేదాన్ని.

ఇక్కడ మా అమ్మమ్మ సంగతి చెప్పాలి. చెబితే సాకు వెతుక్కున్నట్టుంటుంది. చెప్పకపోతే మీకు అర్థం కాదు. అమ్మమ్మ వయసులో ఉండగా కాలవల ఇంజనీరు దొర బంగళాలో ఆయాగా చేసింది. వెండి చెంచా ఒకటి కనపడలేదు. అమ్మమ్మని పంపించేశారు. ఆవిడ తీసిందని చూసినవాడు లేడు, తియ్యలేదని చెప్పినవాడూ లేడు. మా పేటలో ఆవిడ చనిపోయేదాకా దొంగ మరియమ్మే. చిన్నప్పుడు నన్ను కూడా దొంగ మరియమ్మ మనవరాలనే పిలిచేవాళ్ళు. రోషంతో కొట్లాడి వచ్చేదాన్ని. అమ్మమ్మ తల ఎత్తకుండా బియ్యం ఏరుకుంటూ కూర్చునేది.

ఆ రోజు మధ్యాహ్నం మేడమ్ బజారుకి వెళ్ళింది. దొరగారికి గడ్డం గీసి మొహం తుడుస్తున్నాను. చటుక్కున నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎల్సీ, తలుపు వెయ్యి. నాన్నగారు వింటారు."

వేసొచ్చాను.

"ఆ కొవ్వొత్తి నాది. దుప్పట్ల గదిలో పిల్లి పిల్లల్ని పెట్టింది కదా, చూద్దామని తీసుకెళ్ళాను. తెర అంటుకుంది. పారిపోయాను."

ఇల్లు కాలిన సంగతి మేడమ్ నాకు వేరేగా చెప్పింది. ఎల్సీ కొవ్వొత్తి ఆర్పకుండా వదిలేసిందని, మంచి మాట ఒక్కటి కూడా రాసివ్వకుండా ఆమెని గెంటేశారని, అలా గెంటేసిన పిల్లని ఆ దేశంలో ఇంకెవరూ పనిలో పెట్టుకోరని. చివరికి ఏమైపోయిందో ఎవరికీ తెలీదని.

"నాన్నగారు అడిగితే నిన్ను చూపించాను. నువ్వు నా వంకే చూశావు. చెప్పలేదేం ఎల్సీ?"

నాకేం తెలుసు! ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారి సబ్బు నురగలో కలుస్తున్నాయి.

"నన్ను క్షమిస్తావా?"

అవునంటే అయిపోయేది. దాణా పెట్టామని వంద సార్లు అబద్ధం చెప్పిన నోరే కదా!

"లేదు మాస్టర్. క్షమించను. నీ మూలంగా చచ్చేదాకా దొంగ అనిపించుకున్నాను."

నా గొంతు నాకే వినపడింది. అయ్యో దేవుడా, ఎవరు మాట్లాడారు? ఎల్సీని దొంగ అన్నవాళ్ళెవరూ లేరు. ఆ మాట మా అమ్మమ్మది. పోనీ తెలుగులో వచ్చి చచ్చినా బాగుండేది, ఆయనకి అర్థమయ్యేది కాదు. శుభ్రంగా, తప్పు లేని ఇంగ్లీషులో వచ్చింది.

అమ్మమ్మ కోసం అన్నానా? అలా అనుకుంటే కాస్త ఊరటగా ఉంటుంది. కానీ నిజం చెప్పడానికే కదా కూర్చున్నాను. ఒక దొర నా చెయ్యి పట్టుకుని బతిమాలుతున్నాడు. ఆ ఒక్క క్షణం నాకు బాగుంది. ఇప్పటికీ అదే తల్చుకుంటే భయమేస్తుంది. నేను అలాంటిదాన్నా?

ఆయన నా చెయ్యి వదిలేశారు. "సరే. న్యాయమే," అన్నారు. గోడ వైపు తిరిగారు.

మర్నాడు పొద్దున్నే పరుగున వెళ్ళాను. వేషం వేసుకున్నట్టు నవ్వు మొహం పెట్టుకుని, మాస్టర్, నేను ఎల్సీని, నిన్న కోపంలో అన్నాను, ఎప్పుడో క్షమించేశాను అన్నాను. ఆయన మర్యాదగా నా వంక చూశారు. మొదటిసారి నన్ను సిస్టర్ అని పిలిచారు.

"ఎల్సీ లేదు సిస్టర్. పంపించేశారు. నా వల్లే."

ఎన్నిసార్లు చెప్పానో. అదే జవాబు. అన్నీ మర్చిపోయే మనిషి అదొక్కటీ మర్చిపోలేదు. నడిపిస్తుంటే కాలెత్తడం మానేశారు. అజాన్ వినపడినా లేవలేదు. స్పూన్ నోటి దగ్గర పెడితే పెదవులు బిగించేవారు. ఆ నెల తిరక్కుండానే పోయారు.

మేడమ్ ఏడుస్తూ, "చివర్లో నాన్న ఏమైనా అన్నారా?" అని అడిగింది. లేదు మేడమ్, ప్రశాంతంగా ఉన్నారు అన్నాను. కొవ్వొత్తి సంగతి చెబితే, దానికి నేనేమన్నానో కూడా చెప్పాలి. అందుకని రెండూ మింగేశాను. ఆవిడ నన్ను కావలించుకుంది. నేనూ కావలించుకున్నాను.

కొన్నేళ్ళకి వంశచరిత్ర పుస్తకమై వచ్చింది. మేడమ్ ఒక కాపీ మా ఇంటికి పంపింది. చివరి పేజీలో నాకు కృతజ్ఞతలు. తండ్రి ఆఖరి రోజుల్ని శాంతిగా గడిపించినందుకట! చదువుతుంటే చెవులు వేడెక్కిపోయాయి. మధ్యలో పెద్దిల్లు కాలిన పేజీ ఉంది. ఎల్సీ అనే పనిపిల్ల అజాగ్రత్త వల్ల అని అచ్చులో ఉంది. నేను నోరు విప్పి ఉంటే ఆ వాక్యం ఉండేది కాదు. దొరగారు చిన్నపిల్లాడు, భయపడి చూపించాడు. నేను పెద్దదాన్ని, తెలిసి ఊరుకున్నాను. ఎల్సీ పక్షాన కోపం తెచ్చుకున్నది నేనే, ఎల్సీని ఆ పుస్తకంలో అలా వదిలేసింది కూడా నేనే.

మేడమ్‌కి రాయాలని కూర్చుంటాను. తండ్రి శాంతిగా పోయాడన్న నమ్మకం ఆవిడకి మిగిలింది. అది లాక్కోవడమా, ఎల్సీని అలాగే ఉంచడమా? తేల్చుకోలేక లేచిపోతాను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అడిగితే లేదనిపించుకోవడం ఎలా ఉంటుందో నేను చూశాను.

ఆ ఇల్లు ఎల్సీ తగలబెట్టలేదు. ఇంతవరకూ ఈ మాట నలుగురికీ వినపడేలా అన్నవాళ్ళు లేరు. నేనన్నాను.