ఉపవాసంలో ఉన్న మామ రక్తం

మన రక్తంలో కంటికి ఆనని రేణువులను సైతం ఊరకే పుట్టించక, వాటికీ ఒక పని అప్పగించిన దేవునికి స్తోత్రం.

పంతొమ్మిదివందల అరవైల మొదట్లో మా అక్కకు జ్వరం వచ్చింది. కాళ్ల మీద దోమకాటు లాంటి ఎర్రచుక్కలు లేచి, చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే, గురజాల పక్కనున్న మా ఊరి నుంచి బస్సులో నరసరావుపేట ఆస్పత్రికి తీసుకెళ్లాము. డాక్టరమ్మ ఆమె రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూసి, ప్లేట్‌లెట్లు బాగా తగ్గిపోయాయన్నారు. కారే రక్తాన్ని ఆపేవి అవే. ఒంట్లోకి క్రిములు జొరబడితే వాటికి అతుక్కుని పట్టుకునేవీ, తెల్లకణాలను అక్కడికి రప్పించేవీ కూడా అవేనని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అక్క ఒంట్లో అవి ఆ జ్వరంతోనే ఖర్చయిపోయాయి. మందులు పనిచేసేదాకా ఆమె నిలవాలంటే అప్పుడే తీసిన రక్తం ఎక్కించాలి.

మా చర్చి సంఘం వాళ్లు చాలామంది ఆస్పత్రి వరండాలోనే ఉన్నారు. పరీక్ష చేస్తే మేనమామ రక్తం ఒక్కటే సరిపోయింది.

"పొద్దున ఏం తిన్నావయ్యా?" అని డాక్టరమ్మ అడిగారు.

"ఏం తినలేదమ్మా. ఉపవాస ప్రార్థనలో ఉన్నా."

"నిన్న?"

"నిన్న గూడా అంతే. పిల్ల లేచి కూచునేదాకా మంచినీళ్లే."

"నువ్వు కళ్లు తిరిగి పడితే నిన్నెక్కడ పడుకోబెట్టను? పోయి తినిరా."

మామ కదలలేదు. దేవునికి మాటిచ్చి మధ్యలో తింటే ఆ తప్పు పిల్ల మీద పడుతుందని ఆయన భయం. అత్త మండిపడింది.

"ఏంది నీ మంకుపట్టు? చుట్టకు లేదా ఉపవాసం?"

"నోర్ముయ్యవే! చుట్ట తిండి కాదు."

ఏడుస్తున్న అమ్మకు కూడా నవ్వొచ్చింది.

మోకాళ్ల మీదున్న మా పాస్టరయ్యగారు లేచారు. ఆయనా ఏమీ తినలేదు. బయటికెళ్లి ఇడ్లీ పొట్లం తెచ్చి, మామ ఎదురుగా కూర్చున్నారు.

"ప్రార్థన మేం చేస్తాం, చానామందిమి ఉన్నాం. రక్తం ఇయ్యగలిగింది నువ్వొక్కడివే. తప్పయితే ముందు నా మీద పడనీ" అంటూ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు.

మామ పొట్లం మీద చేతులు చాపి కృతజ్ఞత చెప్పి, తిన్నాడు.

సాయంత్రానికి ఆయన రక్తం గాజుసీసాలో అక్క మంచం పక్కన వేలాడింది. మరునాటికి చిగుళ్ల రక్తం ఆగింది. జ్వరం పోవడానికి వారం పైనే పట్టింది. అన్నాళ్లూ మిగతావాళ్లు వంతులవారీగా ఉపవాసం ఉన్నారు. మామ మాత్రం గోడవైపు తిరిగి అన్నం తినేవాడు.

అక్క గుడికి వచ్చిన ఆదివారం, దేవుడు చేసిన మేలు గురించి అందరూ లేచి సాక్ష్యం చెప్పారు. మామ వెనక వరసలోనే కూర్చున్నాడు.

"నేను ఉపవాసం తప్పినోణ్ణి గదయ్యా."

"ముందు చెప్పాల్సింది నువ్వే, రా" అని పాస్టరయ్యగారు చెయ్యి పట్టుకుని తెచ్చారు. మామ అందరి ముందూ నిలబడ్డాడు. అక్క వచ్చి పక్కన నిలబడింది.

ఈ పూట ఏదో ఆస్పత్రిలో ఒకరి రక్తం కోసం ఎదురుచూస్తున్నవారిని, ఇవ్వడానికి వచ్చి లోపల బెదురుతున్నవారిని తలచుకుని, చదివే మీరూ నాతోపాటు కాసేపు ప్రార్థించండి.