గోడ మీద సీసాలు

మా వీధి చివరింటి కోడల్ని అందరూ సీసాల వదిన అంటారు. వయసుతో పనిలేదు, కోపమొస్తే ఆవిడ అత్తగారు కూడా అలాగే పిలుస్తుంది. కొండమీది క్వారీ వల్ల కింద వాగు ఎంత పాడవుతోందో కనిపెట్టడం ఆవిడ ఉద్యోగం. వారానికోసారి వాగులో దిగి, పొడుగాటి గాజు గొట్టంలో నీళ్ళు పోసి పైనుంచి తొంగిచూస్తుంది. గొట్టం అడుగున నల్లటి ఇంటూ గుర్తుంటుంది. గొట్టం నిండినా గుర్తు కనబడితే నీళ్ళు శుభ్రంగా ఉన్నట్టు. కాసిని నీళ్ళు సీసాల్లో పట్టి సర్కారు ఆఫీసుకి పంపుతుంది. ఒడ్డులోకి అడ్డంగా దిగ్గొట్టిన ఇనప చువ్వలు ఎంత బయటపడ్డాయో కూడా కొలుస్తుంది. చువ్వ బయటపడిందంటే అంత మట్టి కొట్టుకుపోయినట్టే.

గొడవెక్కడొచ్చిందంటే, ఆవిడ వెళ్ళినప్పుడల్లా వాగు అద్దంలా ఉండేది. మిగతా రోజుల్లో క్వారీ వాళ్ళు గుంతలో నీళ్ళని మోటారు పెట్టి వాగులోకి వదిలేవాళ్ళు. అప్పుడు ఏనుగు దిగినా తొండం కూడా కనబడేది కాదు, అంత రాతిపొడి!

బట్టలుతికే పెద్దమ్మ ఓ రోజు సీసాల వదిన ఇంటి మూట తెచ్చి గుమ్మంలో పడేసింది.

"మీ బట్టలు నేను ఉతకను తల్లీ. నీ సీసాలో నీళ్ళేమో ముత్యాల్లా ఉంటాయి, నా దుప్పట్లేమో బూడిదలో పొర్లినట్టుంటాయి. మనిద్దరిదీ ఒకటే వాగేనా? ఎంతకి అమ్ముడుపోయావేంటి?"

వీధి మొత్తం విన్నది. ఇక చెప్పేదేముంది! ఆ ఇంటికి కొత్త మిక్సీ వస్తే, మూడో ఇంటికి చేరేసరికి అది ఫ్రిజ్ అయింది, మలుపు తిరిగేసరికి కారయింది. నేను చెప్పినప్పుడు మాత్రం ఫ్రిజ్ దగ్గరే ఆపాను. పైగా క్వారీ వాచ్‌మన్ సాయంత్రమయ్యేసరికి కొండ అంచున గుడిసె ముందు నిలబడి సరిగ్గా ఆ ఇంటివైపే చూసేవాడు. దాని గురించి ఎవరేమన్నారో రాస్తే ఈ కాగితం సిగ్గుపడుతుంది.

సీసాల వదినకి పరువు పోతోందని తెలుసు. అనుమానం కూడా ఉంది. నీళ్ళు అంత నెమ్మదిగా, అంత తేటగా పారితే, కిందటి నెల వేలెడు బయటికున్న చువ్వ ఈ నెల జానెడెలా అయింది? తను వచ్చే రోజు మోటారు ఆపుతున్నారన్నమాట. అప్పటికప్పుడు పరిగెత్తి పట్టుకుందామంటే, ముందురోజు కడిగి బాగా ఆరబెట్టిన సీసాలైతే తప్ప ఆఫీసు తీసుకోదు. రోజు మార్చి చూసింది. మంగళవారం వెళ్తే మంగళవారమే అద్దం. ఇంట్లో ఎవరో ఉప్పందిస్తున్నారు!

ఇంట్లో క్వారీ లారీ తోలేది మరిది ఒక్కడే.

"నిజం చెప్పు మరిదీ, నేనెప్పుడు వెళ్తానో పైన ఎవరికి చెబుతున్నావ్?"

"నువ్వెప్పుడెళ్తావో నాకే తెలీదు వదినా. నేను లేచేసరికి నువ్వుండవు."

"క్వారీ డీజిల్‌తో బతికేవాడివి, ఇంకేం చెప్తావ్లే."

"డీజిల్ తాగేది లారీ, నేను కాదు." వాడి మొహం మాడిపోయింది. "సరే, దొంగని ఇంట్లో పెట్టుకోకు." దిండు చంకన పెట్టుకుని వెళ్ళి లారీలోనే కాపురం పెట్టాడు.

తరవాత మరిది లోడుతో వేరే ఊరెళ్ళినప్పుడు, ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. అయినా అద్దమే! అనుమానం మొగుడి మీదికి మళ్ళింది. ఆయన కుట్టుమిషను ఆపి, "నాకు జాకెట్టు కొలతలు తప్ప వాగు కొలతలు తెలీవే" అన్నాడు.

ఓ సాయంత్రం అత్తగారు బియ్యంలో రాళ్ళేరుతూ అడిగింది. "రేపు వాగుకేనా అమ్మాయ్?"

సీసాల వదిన చటుక్కున ఇటు తిరిగింది. "మీకెవరు చెప్పారత్తయ్యా?"

"ఒకళ్ళు చెప్పాలా? సీసాలు కడిగి గోడ మీద బోర్లించావుగా. పక్కనే ఎర్ర మూతలు. ఈ ఎండకి ఆ తళతళ చూస్తే కొండమీది కోతికి కూడా తెలుస్తుంది."

సీసాల వదిన తలెత్తి కొండవైపు చూసింది. వాచ్‌మన్ నిలబడే ఉన్నాడు. చూసేది తనని కాదు, గోడని.

మర్నాడు వెళ్ళలేదు. గోడ మీద సీసాలు తీసేసింది. వేరే సీసాలు కడిగి, మొగుడి గుడ్డల బీరువా వెనక ఆరబెట్టింది. ఆ తరవాతి రోజు వెళ్తే, మోటారు పులిలా గర్జిస్తోంది, ఒడ్డు పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపడుతోంది. పెద్దమ్మని పిలిచి గొట్టంలో చూడమంది. పోసింది నాలుగు వేళ్ళ లోతు నీళ్ళే.

"గుర్తేదమ్మా? నా కళ్ళు పోయాయేమో."

"నీ కళ్ళకేం కాలేదు పెద్దమ్మా. నాకూ కనబడట్లేదు."

ఆ సీసాలు ఆఫీసుకి చేరాక జీపులొచ్చాయి. నేను పదన్నాను, నిజానికి రెండు. రాతిపొడి అడుక్కి దిగేలా గుంటలు తవ్వి, నీళ్ళు తేరాకే వదలాలని క్వారీకి గట్టిగా చెప్పి పోయారు.

సీసాల వదిన నేరుగా లారీ దగ్గరికి వెళ్ళింది.

"దిగు మరిదీ, ఇంటికి పద."

"ఎందుకు, మళ్ళీ ఏం పోయింది?"

"నా బుద్ధి పోయింది. అన్నం చల్లారుతోంది, దిగు."

సంగతంతా విని వాడు నెత్తి కొట్టుకున్నాడు. "ఆ వాచ్‌మన్ నీకు లైనేస్తున్నాడనుకుని రెండుసార్లు కాలరు పట్టుకున్నాను వదినా! వాడు లైనేసింది సీసాలకా!"

ఇప్పుడు డ్యూటీకెళ్ళే ముందు మరిదే రోజూ ఖాళీ సీసాలు గోడ మీద పేరుస్తాడు. వాచ్‌మన్‌కి ఏ రోజు అసలు రోజో అంతుపట్టడం లేదు. అసలు సీసాలు ఎక్కడ ఆరుతున్నాయో నాకూ తెలీదు. చక్కెర అప్పు వంకతో రెండుసార్లు వెళ్ళి వెతికినా దొరకలేదు.

మొన్న పెద్దమ్మ తనే వచ్చి ఆ ఇంటి మూట ఎత్తుకుంది. ఉతికిన దుప్పటి ఎండకి పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. "తెల్లగానే ఉంది" అని ఒప్పుకుని, సీసాల వదినవైపు ఓరగా చూసింది. "ఎందుకైనా మంచిది, నీ చువ్వలు కూడా ఓసారి చూసిరా తల్లీ."

ఆవిడ అప్పటికే స్కేలు పట్టుకుని గుమ్మం దిగుతోంది.