‘శ’ లేని నిఘంటువు

మొన్న నంద్యాలలో మా అమ్మాయి కాలేజీ రికార్డుకు అట్ట కట్టించడానికి బైండింగు అంగడికి పోతే, మైలుతుత్తం కలిపి ఉడికించిన మైదా జిగురు వాసన ముక్కుకు తగిలింది. పెద్ద పెద్ద పాత పుస్తకాలు విప్పితే వచ్చే వాసన అది, పుల్లగా, కాస్త చేదుగా. అంగడాయన “ఏందమ్మా, ఆడనే నిలబడిపోయినావ్?” అని అడిగేదాకా నేను ఆళ్ళగడ్డలో, తొమ్మిదేళ్ళ వయసులో ఉన్నాను.

మా నాయన ఆళ్ళగడ్డలో రాళ్ళ మీద అక్షరాలు చెక్కేవాడు. విగ్రహాలు చెక్కే శిల్పులకున్న పేరు ఆయనకు లేదు. సమాధి రాళ్ళు, బడి గోడల్లో పెట్టే పలకలు, బోరింగుల దగ్గర దాతల పేర్లు, ఇవీ ఆయన పనులు. ఉలి చప్పుడు, నీళ్ళు చల్లిన నల్లరాతి మీంచి లేచే చల్లని వాసన, లోపల అమ్మ బొరుగుల ఉగ్గానికి పెట్టే పోపు ఘాటు, అన్నీ కలిసి మాకు తెల్లవారేది. నాయన బడికి పోలేదు. అక్షరాలు ఆయన చేతికి వచ్చుగానీ చదవడం రాదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు, సున్నాకు సున్నా, వత్తుకు వత్తు రాతి మీదికి దించేవాడు. ఒకసారి ఎవరో ‘జ్ఞాపకార్థం’లో థావత్తు కడుపులో చుక్క పెట్టకుండా రాసిస్తే అట్లాగే చెక్కాడు. తప్పు నాయనదే అయ్యింది, రాయి వెనక్కి వచ్చి మా పెరట్లో బట్టలుతికే బండ అయ్యింది. అమ్మ చీరలు బాదుతుంటే ఆ పక్కన కూచుని నేను చదువు కూడబలుక్కున్నాను.

ఆ ఎండాకాలం సెలవుల్లో గోస్పాడు దిక్కు పల్లె నుంచి సమాధానం అనే సారు వచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు, వాళ్ళ చర్చికి పెద్ద. చలువ చేసిన తెల్ల పంచె, జేబులో రెండు పెన్నులు. కొత్త చర్చికి పునాది పలక కావాలని, తన చేత్తో రాసిన కాగితం ఇచ్చిపోయాడు. అందులో మొదటి మాట ‘శంఖుస్థాపన’. నాకది వింతగా తోచింది. శంఖం ఊదుతారు గానీ భూమిలో పాతిపెడతారా? అందులోనూ చర్చిలో శంఖమెందుకు?

నాయనను అడిగితే ఉలి పక్కన పెట్టాడు.

“ఏమో మే, చదువుకున్న సారు రాసినాడు. అయినా ఇల్లు కట్టేటప్పుడు శంఖం యాడ పెడతారు? మూలమూలకు కట్టెమేకులు కొట్టి దారం కడతారు.” పెరట్లో బండ దిక్కు చూశాడు. “ఇంగొక రాయి పోతే నాతో కాదు పాపా. పుస్తకాల్లో ఉంటాదేమో, పోయి చూసిరా.”

ఆళ్ళగడ్డ గ్రంథాలయం అప్పుడు రెండు గదుల అద్దె ఇల్లు. ముందుగదిలో ఒకే పేపరును నలుగురు నాలుగు ముక్కలుగా పంచుకుని చదివేవాళ్ళు, వెనకగదిలో అద్దాల బీరువా ఉండేది. లైబ్రేరియన్ పోస్టు ఎప్పటినుంచో ఖాళీ. అటెండరు హుసేనప్పే అన్నీ చూసుకునేవాడు. నిఘంటువు అడిగితే నన్ను కిందికీ మీదికీ చూసి, “అది ఇంటికిచ్చే బుక్కు కాదు మే, ఈడనే చూడాల” అంటూ సంపుటాలను ఒక్కొక్కటే, పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుకొచ్చి బల్లమీద పెట్టాడు. ఒక సంపుటం ‘వ’తో ముగిసింది. తర్వాతది ‘స’తో మొదలయింది.

“నడుమ బుక్కు యాడ తాతా?”

“ఎవురో ఆఫీసరు, చూసిస్తానని తీస్కపాయ. ట్రాన్స్‌ఫరు మీద ఆయనా పాయ, అదీ పాయ.” ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన ముఖం చిన్నబోయింది. బీరువాలో ఆ చోట ఇంకో పుస్తకం పెట్టకుండా సందు అట్లాగే వదిలాడని అప్పుడు చూశాను.

వచ్చినందుకు ఊరికే పోబుద్ధి కాక, ఆ మధ్యాహ్నమంతా ఉన్న సంపుటాలే తిప్పాను. ‘ఉలి’ కోసం వెతుకుతూ ఉల్క దగ్గర, ఉలవల దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో రోజూ అనే మాటలు అచ్చులో కనబడితే, తెలిసినవాళ్ళు కొత్తబట్టలు కట్టుకొని ఎదురైనట్టు ఉండింది.

మర్నాడు నాయన పని మానుకుని నన్ను వెంటబెట్టుకుని నంద్యాల బస్సెక్కాడు. దున్ని వదిలేసిన నల్లరేగడి చేలు దాటి, రైసుమిల్లుల తవుడు వాసన తగిలేసరికి ఊరొచ్చింది. అక్కడి గ్రంథాలయంలో నాయన చెప్పులు బయట విడిచి, రాతిపొడి పట్టిన చేతులు వెనక్కి కట్టుకుని గడప దగ్గరే నిలబడ్డాడు. లైబ్రేరియన్ మేడం తెచ్చిచ్చిన సంపుటంలో వేలు పెట్టి దిగుతూ పోయి పట్టుకున్నాను. శంకువు అంటే మేకు, భూమిలో పాతే గుంజ.

“మేకే నాయనా!”

“నేను చెప్తి గదా!” అన్నాడాయన హాలంతా దద్దరిల్లేట్టు. చదువుకుంటున్నవాళ్ళు తలలెత్తారు. మేడం కోప్పడబోయి నవ్వేసింది. ఆ అర్థాన్నీ పేజీ నంబరునూ కాగితం మీద రాసిచ్చింది.

సారు పలక కోసం వచ్చేటప్పటికి నాయన మొదటి మాట చెక్కకుండా వదిలిపెట్టి ఉన్నాడు. మేడం రాసిచ్చిన కాగితం చేతికిచ్చాడు. సారు రెండుసార్లు చదివాడు, అద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను అమ్మ వెనక్కి పోయాను.

“ఎంతమంది పిల్లోల్లకు ఇట్లే నేర్పిస్తినో గదప్పా” అన్నాడు చివరికి, గొంతు బాగా తగ్గించి. పెన్ను తీసి తన కాగితంలో ‘ఖు’ కొట్టేసి ‘కు’ రాశాడు. పునాదినాడు, పాస్టరు ప్రార్థన ముగించాక, సుత్తి తెచ్చి నాయన చేతికిచ్చి, “మేకు నువ్వు కొట్టప్పా, దాని సంగతి నీకు తెలుసు” అన్నాడు.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. పలకల మీద అక్షరాలు మిషన్లు చెక్కుతున్నాయి. మొన్న బైండింగు అంగడి నుంచి అట్లాగే ఆనాటి గ్రంథాలయానికి పోయాను. హాలు నిండా పోటీ పరీక్షల పిల్లలు, ఎవరి పుస్తకాలు వాళ్ళు తెచ్చుకుని, ఫ్యాన్ల కింద చోటు కోసం పొద్దున్నే వచ్చి కూచున్నారు. వాళ్ళను చూస్తే సంతోషమే వేసింది. నిఘంటువులు అడిగితే, ఇంకో రెండు ఊర్ల గ్రంథాలయాలు కూడా తానే చూసుకోవలసిన లైబ్రేరియన్ మొహమాటంగా నవ్వాడు. “అవి మిద్దెపైన మూటలు కట్టినాం మేడం, ఎవురూ అడగరు. ఏం మాట కావాలో చెప్పండి, ఫోన్లో చూసి చెప్తా.”

మంచి మనసుతోనే అడిగాడు. నాకు కావలసింది ఒక మాట కాదనీ, దానికోసం వెతుకుతుంటే పైనా కిందా తగిలే మాటలనీ ఆయనకు ఎట్లా చెప్పాలో తోచలేదు.