సాయానికి రెండు గీతలు

నిరుడు ఉయ్యూరులో పురోహితులు శర్మగారితో బహిరంగ చర్చకు కూర్చున్నాను. మంత్రంలో స్వరం తప్పితే ఫలం దక్కదన్నారాయన.

“యంత్రానికి అలాంటి పట్టింపుల్లేవండీ. కంప్యూటరును ఎలా అడిగినా చెబుతుంది” అన్నాను.

రుజువు చూపందే ఊరుకోకపోవడం మా హేతువాదుల అలవాటు. ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టరుకు తగిలించి, ఫొటోల సైజు కుదించే కమాండు టైపు చేసి, దాన్నెలా వాడాలో చెప్పమని సాయం కోరుతూ పక్కన ఒక గీత, హెచ్ అక్షరం కొట్టాను.

“ఇది చెల్లదు. సాయం కావాలంటే రెండు గీతలు పెట్టి హెల్ప్ అని కొట్టండి” అని ఇంగ్లీషులో జవాబొచ్చింది.

శర్మగారు కళ్లద్దాలు సవరించుకుని చదివారు. “మీకేం కావాలో దానికి తెలిసిందండీ మాస్టారూ. స్వరమే తప్పారు.”

హాలంతా నవ్వింది, మా సంఘం కార్యదర్శితో సహా.

ఓడిపోయాను. అడిగింది అర్థమయ్యాక కూడా అడిగిన తీరు బాగాలేదని తిప్పి పంపడం మూఢత్వమేనని ఇప్పటికీ వాదిస్తాను. కాకపోతే ఇకమీదట ఆ ఉపన్యాసం పురోహితులకు కాదు, ఇంజనీర్లకు.