చొక్కా చేతులు ఎత్తుకుపోయిన ఉడుత

ఈ భూమ్మీద ఏది పోయినా, కుర్చీలోంచి లేవకుండా దొంగను పట్టేసేది మా అమ్మమ్మ ఒక్కతే. పోలీసులు వచ్చి ఆవిడ దగ్గర ట్యూషన్ చెప్పించుకోవాలి. కాకపోతే ఆవిడకు తెలిసిన దొంగ ఒకటే: మా కుట్టు దుకాణం ముందు చెట్టుమీది పెద్ద ఉడుత. పిల్లి అంత ఒళ్ళు, ఒంటికంటే పొడుగు తోక. కళ్ళజోడు పోయినా అదే, కత్తెర పోయినా అదే. ఓసారి తాతయ్య మధ్యాహ్నం దాకా కనపడకపోతే చెట్టుకేసి చూసి, "ఏమే, ఆయన్ని కూడానా?" అంది.

తీగలకు అడ్డమని కరెంటువాళ్ళు వీధి మీది కొమ్మలు నరికేశారు. ఉడుత గూడు ఇటువైపు, పళ్ళ చెట్లు అటువైపు. అటవీశాఖాయన వచ్చి తల పట్టుకున్నాడు.

"ఇది కొమ్మ మీంచి కొమ్మకే పోతుందమ్మా. నేలకు దిగితే కుక్కలు, బళ్ళు. అసలే ఈ జాతి తగ్గిపోతోంది. అంతరించేదాకా రాలేదు గానీ, ఆ అంచుకైతే వచ్చింది."

"అంచు ఊడుతుంటే చూస్తూ కూర్చుంటారా?" అంది అమ్మమ్మ. "దానికో దారి కట్టండి!"

"పైవాళ్ళను అడగాలమ్మా."

"అడగండి నాయనా. ఈలోగా అది ముసలిదైపోతుంది."

మర్నాటి నుంచి మా దుకాణంలో ప్రతి బట్టా కురచైపోయింది. డాక్టరుగారి పూల పరదా కిటికీ సగంలోనే ఆగింది. పోస్టుమాన్ కుట్టమన్న గళ్ళచొక్కా పొడుగుచేతులు మోచేతులు దాటలేదు.

"మిగతా చేతులేవమ్మా?"

"ఉడుత ఎత్తుకుపోయింది."

"రెండూనా?"

"ఒకటి వదిలేస్తే బాగుంటుందా, నువ్వే చెప్పు!"

నా పైజామా బొందు కూడా మాయమైంది. ఇక అప్పట్నుంచి ఒక చేత్తో పైజామా, రెండో చేత్తో సంసారం.

ఒకరోజు పొద్దున్నే చూద్దును గదా, అమ్మమ్మ నిచ్చెనెక్కి, జడలా అల్లిన లావుపాటి గుడ్డతాడును కొమ్మకు బిగిస్తోంది. రెండో కొసను అవతలి చెట్టుకు కట్టి అటవీశాఖాయన దిగుతున్నాడు. తాడు నిండా పరదా పూలు, చొక్కా గళ్ళు!

ఉడుత వచ్చి వాసన చూసింది. అది గళ్ళమీద అడుగేసి, పూలమీదుగా పరుగెత్తి, అటు చెట్టెక్కేసింది. పోస్టుమాన్ పొట్టిచేతుల చొక్కాతో చప్పట్లు కొట్టాడు.

"అమ్మమ్మా! ఇన్నాళ్ళూ పాపం దానిమీద అబద్ధాలు చెప్పావా?"

"అబద్ధమేంట్రా? గుడ్డంతా ఎవరికి పోయింది? దానికేగా! మధ్యలో ఆ తెల్లటిది నీ బొందే. వాగుడు ఆపి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకో."