ఆయమ్మ చిగుళ్లకు నలిగిన ముక్క

ఆయమ్మ పోయింది. భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న పల్లెలో, అంగన్‌వాడీలో పిల్లలకు వండిపెట్టిన ఆయమ్మ. సోమవారం బడికి బయలుదేరుతుంటే ఆమె కోడలు ఫోన్ చేసి, "టీచరమ్మా, మా అత్త లేదిగ" అని ఏడ్చింది. ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండానే గడపలో కూలబడ్డాను. నేను ముదిగొండకు బదిలీ అయి వచ్చి రెండేళ్లు. ఆమెకు నేనొక క్షమాపణ చెప్పుకోవాలి. ఈ సెలవుల్లో వెళ్లి చెబుతా, వచ్చే సెలవుల్లో చెబుతా అనుకుంటూనే రోజులు గడిపేశాను. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?

ఆ ఊళ్లో నేను బడి టీచర్ని. అప్పుడు మా పాపకు ఎనిమిదో నెల. స్పూన్ కనబడితే చాలు, మూతి బిగించేది. రాగిజావ కానీ, మెత్తటి పప్పన్నం కానీ, మెడ అటు తిప్పేసేది. అంగన్‌వాడీలో తూకం వేస్తే ముల్లు రెండు నెలలుగా ఒక్కచోటే ఆగిపోయింది. పాప ఎదుగుదల కార్డు మీద గీత ఆకుపచ్చ రంగు దాటి పసుపులోకి దిగింది. మా ఆయనకు ఖమ్మంలో ఉద్యోగం, ఆదివారాలే వచ్చేవాడు. నేను ఒంటరిదాన్ని, పైగా మొండిదాన్ని. పాపను కాళ్ల మీద పడుకోబెట్టి, చేతులు రెండూ అదిమిపట్టి, ఏడవడానికి నోరు తెరవగానే స్పూన్ దూర్చేదాన్ని. ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

ఒకరోజు గుడ్లు ఇవ్వడానికి వచ్చిన ఆయమ్మ ఆ భాగోతం చూసింది.

"ఏంది టీచరమ్మా గిది? నిన్ను గిట్ల పట్టుకొని ఎవలన్నా నోట్ల కుక్కితే తింటవా?"

"తినకపోతే ఎట్లా ఆయమ్మా? ముల్లు కదలట్లేదు కదా!"

"తిండి వద్దంటలేదు పిల్ల. నీ చెయ్యి వద్దంటాంది. దాని చేతికే ఇచ్చి చూడు. కడుపు దానిది, గాబరా నీది."

మర్నాడు ఉడికించిన చిలగడదుంప తెచ్చింది. పాపను నేల మీద నిటారుగా కూర్చోబెట్టి, వీపుకు తన మోకాలు ఆనించింది. దుంపను వేలంత పొడుగున ముక్కలు కోసింది. అరవై దాటిన మనిషి, పళ్లన్నీ ఎప్పుడో ఊడిపోయాయి. ప్రతి గిన్నెలోంచి ఒక ముక్క ముందు తను నోట్లో వేసుకుని అదిమి చూసేది. "నా చిగుళ్లకు నలిగితే దాని చిగుళ్లకు నలుగుతది" అనేది. మా పాప ఆ రోజు దుంప జుట్టుకు రాసుకుంది, చెవిలో పెట్టుకుంది, ఏదో కాస్త మింగింది కూడా. నేను తుడవబోతే ఆయమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

నాలుగో రోజు క్యారెట్ ముక్క గొంతు దగ్గర అడ్డుపడి పాప ముఖం ఎర్రబడింది. ఆయమ్మ గాబరాపడలేదు. పిల్లను ముందుకు వంచి, "ఆగు, అదే కక్కుతది" అంది. నిజంగానే కక్కేసింది. కానీ నేను ఆగలేదు. పాపను లాక్కుని, "నా బిడ్డను చంపుతావా? పిల్ల ప్రాణమంటే ఏంటో నీకేం తెలుసు? మళ్లీ నా గడప తొక్కకు!" అని అరిచాను. ఆమె చాప తుడిచి, గిన్నె తీసుకుని బయటికి వెళ్లింది. నేను తలుపు ధడేల్న వేసుకున్నాను.

ఆ సాయంత్రం నేను తింటుంటే పాప పాక్కుంటూ వచ్చి నా కంచంలో చెయ్యి పెట్టింది. మెత్తగా ఉడికిన సొరకాయ ముక్క తీసుకుని తనంతట తనే తింది. ఇంకొకటి తీసుకుంది. మర్నాడు సిగ్గు విడిచి ఆయమ్మకు కబురు పెట్టాను. వచ్చింది. నిన్నటి మాట ఆమె ఎత్తలేదు కదా అని నేనూ ఎత్తలేదు.

వేసవిలో మా ఆయన మామిడిపండ్లు తెచ్చాడు. ఆయమ్మ వాళ్లు మామిడి పండుగ చేసి వేల్పులకు పెట్టందే కొత్త కాయ నోట పెట్టరు. ఆయమ్మ ముక్కలు కోసింది కానీ, నోట్లో వేసుకోలేదు. "పండుగ కాలే టీచరమ్మా. ఇయ్యాల నువ్వే చూడాలె. నీ పళ్లు తగలనియ్యకు, నాలికతోటి అంగిట్లకు అదుము" అంది. మేం చర్చికి వెళ్లేవాళ్లం. అయినా ఆ ముక్కను ఆమె చెప్పినట్టే, ఒక పూజలాగానే అదిమి చూశాను. బిడ్డ నోటితో తినడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత ముల్లు కదిలింది. "మా టీచరమ్మ బిడ్డ బరువెక్కింది" అని ఆయమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

ఇప్పుడు నా దగ్గర ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదు. ఉన్నవన్నీ పాప ఫోటోలే. వాటిలో ఎక్కడో అంచున ఆమె మోకాలు మాత్రం కనిపిస్తుంది.

మొన్న వెళ్లాను. చెప్పాల్సిన క్షమాపణ కోడలికే చెప్పాను. ఆ రోజు ఏమన్నానో దాచకుండా చెప్పాను. కోడలు నా ముఖంలోకి చూసి అంది:

"మా అత్త తొలిచూలు ఆడపిల్లే టీచరమ్మా. ఏడుస్తాంటే పట్టుకొని ఉగ్గు పోసిందంట. పొలమారింది. దవాఖానాకు తీస్కపోయేలోపే పానం పోయింది."

ఆమె కళ్లు తుడుచుకుంది.

"నువ్వు అరిచిన దినం యాదికుంది నాకు. పొద్దుగూకినా అత్త ఇంటికి రాలే. ఎతుక్కుంట వస్తే మీ ఇంటెనక గోడకు చెవి ఆనించి కూసుంది. ఏందత్తా అంటే నోటి మీద ఏలు పెట్టింది. లోపల మీ పాప నవ్విందాక లేవలే."