గొంతు గుండీ లేని చొక్కా

పోయిన శుక్రవారం పొద్దున పంచాయతీ ఆఫీసు తలుపు తీస్తుంటే ఎదురింటి అక్క వాకిట్లో నుంచే కేక వేసింది. "మళ్లీ తాళం వెయ్యి తమ్ముడూ. దర్జీ మామ పోయినాడంట." ముందురోజు సాయంత్రమే నా చొక్కా మోచేతికి మాసిక వేసి ఇచ్చిన మనిషి. నేను తాళం సంగతి మరిచిపోయి అట్లాగే ఆయన ఇంటికి నడిచాను.

మార్కాపురానికి రెండు క్రోసుల దూరంలో ఉన్న మా ఊరికంతా ఆయన ఒక్కడే దర్జీ. బట్ట మీద గీతలకు సుద్ద కొనేవాడు కాదు. పలకల గనుల దగ్గర ఏరుకొచ్చిన మెత్తటి రాయిముక్కతో గీసేవాడు. కొలతలు గోడకు తగిలించిన పలక మీద రాసుకొని, కుట్టిన బట్ట ఇచ్చిన రోజునే తుడిచేసేవాడు. ఉంచుకుంటే మళ్లీ కొలిచే పని తప్పుతుంది కదా అని ఒకసారి అన్నాను. "మనిషి మారతాడు అల్లుడా. పాత కొలతకు కుడితే కొత్త చొక్కాలో పట్టడు" అని నవ్వాడు.

ఆయన మా పంచాయతీ మెంబరు, నేను గుమాస్తాను. ఈ సంగతి జరిగింది, హైదరాబాదు రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లలో. మా సర్పంచి పనిమీద హైదరాబాదు వెళ్లి, శాసనసభ చూసి వచ్చాడు. అక్కడి తెల్లబట్టలు ఆయన కళ్లలో నిలిచిపోయాయి. వచ్చిన వారానికే తీర్మానం పెట్టించాడు: ఉతికిన తెల్ల చొక్కా, పంచె లేని సభ్యుణ్ణి సభలో కూర్చోనివ్వరాదని. రాసింది నేనే. నా దస్తూరి చూసుకొని మురిసిపోయాను కూడా, సిగ్గు లేకుండా. సర్పంచితో కలిపి ఆరు చేతులు లేచాయి. అందులో దర్జీ మామ చెయ్యి ఒకటి.

ఏడో మెంబరు ఆ రోజు రాలేదు. ఊరికి మైలు దూరంలోని గొర్రెలపల్లె పెద్దాయన మందతో అర్ధవీడు వైపు పోయి ఉన్నాడు. ఆయనకు ఎండకైనా వానకైనా భుజాన గొంగడే, చొక్కా ఎరగడు. పై నెల సభ నాటికి ఊరికి ఒక బావి మంజూరైంది. గొర్రెలపల్లె ఆడవాళ్లు వాగులో చెలమలు తోడి, గిన్నెతో నీళ్లు ముంచుకునేవాళ్లు. బావి తమ పల్లెకు అడగాలని పెద్దాయన వస్తున్నాడని తెలిసి, దర్జీ మామ తన దుకాణంలో మిగిలిన తెల్లగుడ్డతో ఆయనకొక చొక్కా కుట్టాడు. పైసా తీసుకోలేదు. తానే తొడిగి, గొంతు దాకా గుండీలు పెట్టాడు.

ఆ సభలో పెద్దాయన నోరు విప్పలేదు. "ఇప్పుడు గదా మెంబరు మాదిరి ఉండావు" అని ఒకరు, "పెళ్లికొడుకే" అని ఒకరు. ఆయన బెంచీ చివర, గుడ్డ మాస్తుందేమోనన్నట్టు చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని కూర్చున్నాడు. బావి బజారు వీధికని అనుకున్నారు. ఓవర్సీరు వచ్చి స్థలం చూశాక, రెండు నెలలకు ఖరారు చేయాలి.

బయటికి రాగానే దర్జీ మామ అడిగాడు. "ఏందన్నా, బావి మాటే ఎత్తకపోతివి?"

"ఎట్ల ఎత్తేది సాయిబూ? గొంతుకాడ గుండీ, మెడ తిరగల్యా. అందరూ చొక్కానే చూస్తాండారు. గొంగడి ఉంటే నేను మా పల్లె మనిషిని. ఇందులో ఎవరి మనిషినో నాకే తెలియకపాయె."

దర్జీ మామ జేబులోంచి చిన్న కత్తెర తీసి, అక్కడికక్కడే ఆ పైగుండీ కోసేశాడు. "తప్పు నాదన్నా. నేనే చెయ్యెత్తినా, నేనే కుట్టినా" అన్నాడు.

పై నెల సభకు పెద్దాయన రాలేదు. దర్జీ మామ లేచి, తీర్మానం రద్దు చేయమన్నాడు. సర్పంచి చెడ్డవాడేమీ కాదు. "మా నాయన కాలంలో ఆఫీసరు వస్తే మనోళ్లు చెట్టుకింద నిలబడేటోళ్లు. ఈ తెల్లబట్ట చూసే ఇప్పుడు కుర్చీ ఏస్తాండారు. దాన్ని పోగొట్టుకుందామా?" అన్నాడు. ఆ మాటలోనూ నిజముంది. తర్వాత కొంచెం ఎగతాళిగా, "అయినా ఆ పొద్దు చెయ్యెత్తింది నువ్వే గదా సాయిబూ" అన్నాడు.

"ఎత్తినా. అది పాత కొలత, తుడిచేసినా. ఉతుక్కొని రమ్మను, వద్దనను. గుడ్డ లేదని గడప దాటనీకపోతే, ఆయనకు ఓటేసినోళ్లందరినీ గడప బయట నిలబెట్టినట్టే. ఈ తీర్మానంతో బాగుపడేది నా దుకాణమే సర్పంచీ. అయినా వద్దంటున్నా."

ఆయన చెయ్యి ఒక్కటే లేచింది. ఆ నెలంతా సర్పంచి ఇంటి బట్టలు కంభంలోని దర్జీకి పోయాయి. మామ మాత్రం దుకాణం కట్టేసి, మెంబర్ల ఇళ్ల చుట్టూ తిరిగాడు. కసిరినవాళ్ల ఇంటికి మర్నాడు మళ్లీ పోయాడు. "పట్టిన పట్టు విడవవు గదా మామా" అన్నాను. "కుట్టు సగంలో ఆపితే ఊడిపోతాది అల్లుడా" అన్నాడు.

బావి ఖరారు చేసే రోజు పెద్దాయన గొంగడితోనే వచ్చాడు. తలవాకిట్లో ఆపేశారు. దర్జీ మామ లోపలి నుంచి లేచి వచ్చి, అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాడు. కాసేపటికి ఇంకో మెంబరు వచ్చాడు. నాలుగో మనిషి రావడానికి చాలాసేపు పట్టింది. అతను తలవంచుకొని వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. లోపల ముగ్గురే మిగిలారు. నలుగురు లేనిదే మా సభ సాగదు.

"అందరూ హాజరని రాయి" అన్నాడు సర్పంచి. అంతవరకు ఎవరు ఏం చెబితే అది రాసినవాణ్ణి. ఆ రోజు అరుగు వైపు చూసి, కోరం లేదని రాశాను. సర్పంచి పుస్తకం తన వైపు తిప్పుకొని ఆ మాట చదివాడు. చివరికి, "రమ్మనండయ్యా అందరినీ, ఆ గొంగడితోనే" అన్నాడు. మొదట తీర్మానం రద్దయింది. తర్వాత పెద్దాయన నిలబడి, వాగు సంగతీ చెలమల సంగతీ అరగంట చెప్పాడు. ఆయనకు అంత గొంతుందని మాకెవరికీ తెలియదు. బావి గొర్రెలపల్లెలో పడింది.

శుక్రవారం మామ ఇంట్లో ఆయన్ను కడగడానికి నీళ్లు కాచబోతుంటే, పెద్దాయన వాకిట్లోకి వచ్చాడు. మైలు దూరం భుజాన కుండ మోసుకొచ్చాడు. ఒంటి మీద గొంగడి లేదు, ఆ చొక్కా ఉంది. ఇన్నేళ్లలో మళ్లీ తొడిగింది అదే మొదలు.

"మా బావి నీళ్లు. వీటితో కడగండి" అన్నాడు, వీధంతా వినబడేటట్టు.

కుండ దించి గోడకు ఆనుకొని నిలబడ్డాడు. ఒలికిన నీళ్లకు చొక్కా భుజం నుంచి నడుము దాకా తడిసి ఒంటికి అంటుకుంది. మెడ దగ్గర గుండీ కోసేసిన చోట, రెండు దారపు పోగులు ఇంకా అట్లాగే ఉన్నాయి.